సున్నము క్రింది బూజు

ధ్యాన భాగములు: లేవీయకాండము 14:33–53, 2 రాజులు 12:4–16



లేవీయకాండము 14వ అధ్యాయమును మన సంఘములలో చదువుట అరుదు. కుష్ఠరోగి శుద్ధిని గూర్చిన మొదటి భాగమునైనను అప్పుడప్పుడు ప్రసంగములలో విందుము గాని, ఇంటిగోడకు పుట్టు పొడను గూర్చిన భాగము వచ్చినప్పుడు పుట త్రిప్పివేయుదుము. గోడమీది మరకకును దేవుని ధర్మశాస్త్రమునకును సంబంధమేమని మనకు తోచును. అయితే వానకాలములో మన ఊరి బడిలోనికో, పంచాయతీ కచేరీలోనికో, ఆరోగ్య కేంద్రములోనికో వెళ్లి కప్పు మూలలు తేరిచూచిన వారికి ఆ అధ్యాయము మన కొరకే వ్రాయబడినట్లు కనబడును. పచ్చని చారలు, నల్లని మచ్చలు, పెచ్చులూడిన సున్నము, ముక్కిపోయిన వాసన. మోషే కాలమున యాజకుడు వెదకినవి ఇట్టివే.

ఈ నెల మేము విచారింపదలచిన ప్రశ్న యిది. ప్రభుత్వ భవనములకు పట్టిన బూజును తీయుటకు ప్రజల ధనము ఖర్చు చేయుట న్యాయమా? న్యాయమైనయెడల, ఎట్లు ఖర్చు చేయుట న్యాయము? ఇంటిలో గంజికి కరవైనవారు ఉండగా గోడలకు డబ్బు ఎందుకని అడుగువారికి విశ్వాసి ఏమి ఉత్తరమియ్యవలెను? ఇది రాజకీయము, మనకేల అని కొందరు అనవచ్చును. చెరలోనున్న ప్రజలను సహితము తాము నివసించు పట్టణముయొక్క క్షేమము కోరుమని యిర్మీయా హెచ్చరించెను (యిర్మీయా 29:7). స్వంత ఊరిలో నివసించు మనము ఊరి గోడను గూర్చి ఊరకుండుట ఎట్లు?

1. బూజు ఎక్కడనుండి వచ్చును?

బూజు ప్రాణముగలది. కంటికి కనబడని దాని విత్తనములు గాలిలో అంతటను ఉండును. మీ ఇంటను ఉన్నవి, మా ఇంటను ఉన్నవి. పొడిగోడమీద పడిన విత్తనము మొలవదు. చెమ్మగోడమీద పడినది మొలచి, వ్యాపించి, మరల విత్తనములను గాలిలో చల్లును. కాబట్టి బూజు మనకు కనబడు గురుతే గాని అసలు రోగము నీరు. డాబామీద నీరుపోవు గొట్టము ఆకులతో మూసికొనిపోయి నీరు నిలుచుట, శ్లాబు నెఱ్ఱెవిచ్చుట, పునాదినుండి చెమ్మ గోడలోనికి ఎక్కుట, గోడలోని నీటిగొట్టము కారుట, కిటికీలు తెరువక గదిని బిగించియుంచుట, ఈ అయిదింటిలో ఏదో ఒకటి దాదాపు ప్రతి మచ్చ వెనుకను ఉండును.

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల వారమైన మనకు ఇది బాగుగా తెలిసిన సంగతి. జూనులో వచ్చిన వాన సెప్టెంబరు వరకు ఉండును. అది తగ్గెననుకొను వేళకు తుపానుల కాలము వచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరముదాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నము దగ్గర తీరముదాటిన గులాబ్, వీటిని మనము మరచిపోలేదు. తుపాను వెళ్లిన తరువాత పడిన స్తంభములు ఎత్తుదురు, విరిగిన చెట్లు తీయుదురు. తడిసిన గోడను మాత్రము ఎవరును లెక్కింపరు, ఏలయనగా అది పడిపోలేదు, నిలిచేయున్నది. తడిసినదానిని ఒకటి రెండు దినములలో ఆరబెట్టనియెడల బూజు మొదలగునని తెలిసినవారు చెప్పుచున్నారు. మనమైతే నెలలు గడుపుదుము.

బూజువలన హాని నిజమేనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఈ విషయమై ఒక గ్రంథము ప్రకటించినది. చెమ్మయు బూజును గల కట్టడములలో నుండువారికి దగ్గు, ఊపిరితిత్తుల వ్యాధులు, ఉబ్బసము మొదలగునవి హెచ్చగు అపాయము కలదని అందులో తేల్చిరి. అట్టి గాలిని ఎవరు పీల్చుచున్నారో ఆలోచించుడి. కలిగినవాడు తన బిడ్డను వేరొక బడికి పంపును, తన రోగమునకు వేరొక ఆసుపత్రికి పోవును. వేరొక చోటికి పోలేనివారే అక్కడ మిగులుదురు. మన్యము ప్రాంతపు ఆశ్రమ పాఠశాలలలో చదువు పిల్లలు పగలు పాఠమును, రాత్రి నిద్రయు ఒకే కప్పు క్రింద గడుపుదురు. ఆ కప్పు చెమ్మపట్టినయెడల వారికి దానినుండి సెలవు లేదు.

2. ధర్మశాస్త్రము నేర్పిన వరుస

లేవీయకాండములో చెప్పబడిన పొడయు నేటి బూజును సరిగా ఒకటేయని మేము సాధింపము. అయితే ఆ విధిలోని వరుసను నిదానించి చూచినయెడల ఊరి ధనము ఖర్చుపెట్టు ప్రతి అధికారికిని, ప్రతి కమిటీకిని పనికివచ్చు జ్ఞానము అందులో కలదు.

మొదట, ఇంటివాడు తానే వచ్చి యాజకునితో చెప్పవలెను (35వ వచనము). దాచియుంచుటకు అతనికి సెలవు లేదు. అయితే యాజకుడు ఏమి చేయునో చూడుడి. తాను లోనికి రాకమునుపే ఇంటి సామాను బయట పెట్టింపవలెను, లేనియెడల అందులోనిదంతయు అపవిత్రమని ఎంచబడును (36). నిజము చెప్పినందుకు బీదవాడు తన మంచమును, కుండను పోగొట్టుకొనకూడదని దేవుడు ముందే ఏర్పాటు చేసెను. చెప్పినవానికి నష్టము కలిగినయెడల రెండవవాడు చెప్పడు. మన బడిలో కప్పు కారుచున్నదని వ్రాసిన పంతులమ్మకు, వార్డులో గోడ నల్లబడెనని చెప్పిన నర్సమ్మకు గద్దింపు కలిగినయెడల, మరుసటి సంవత్సరము ఆ మచ్చకు అడ్డముగా పటమొకటి వ్రేలాడును.

రెండవది, యాజకుడు కన్నులార చూడవలెను. పొడ పైపైన ఉన్నదా, గోడకంటె పల్లముగా లోనికి దిగినదా అని నిదానింపవలెను (37). చూచి వెంటనే కూలగొట్టరాదు. ఏడు దినములు ఇల్లు మూసి మరల చూడవలెను. ఇంటివాని పాపమేమని ఆయన విచారించినట్లు అక్కడ లేదు. ఎక్కడ పుట్టినది, ఎంతవరకు వ్యాపించినది అనియే విచారణ. మనలో కొందరు ఇట్టి మచ్చలను అరిష్టమనియు, చేతబడియనియు భయపడుదురు. దేవుని సేవకుడైతే గోడను పరీక్షించెను.

మూడవది, పొడ వ్యాపించినయెడల ఆ రాళ్లను ఊడదీసి ఊరివెలుపల పారవేయవలెను, లోపలంతయు గీయింపవలెను, గీసిన మన్నును సహితము బయట పారబోయవలెను. తరువాతనే వేరు రాళ్లు, వేరు అడుసు, క్రొత్త పూత (40–42). పూత చివరకు వచ్చును గాని మొదట రాదు.

నాలుగవది, పనియైన తరువాత యాజకుడు తిరిగి వచ్చి చూడవలెను. పొడ మరల పుట్టినయెడల రాళ్లు, కఱ్ఱలు, సున్నముతో సహా ఇంటిని పడగొట్టింపవలెను (43–45). పనికిరాని గోడకు ఏటేట డబ్బు పోయుట ధర్మశాస్త్రము ఒప్పుకొనదు. ఆలాగుననే పొడ మరల కనబడనియెడల ఇల్లు పవిత్రమని ప్రకటింపవలెను (48). బాగుపడిన ఇంటిని క్రొత్తదాని ఆశతో కూల్చుటకును సెలవు లేదు. మరమ్మతు చాలునన్నచోట క్రొత్త కట్టడము కోరుటయు, కూల్చవలసినచోట రంగు పూయుటయు, రెండును ప్రజల ధనమునకు ద్రోహమే.

3. పూతయే పాపమైనప్పుడు

యెహెజ్కేలు దినములలో ఒక జాతి ప్రవక్తలుండిరి. జనులు బలములేని గోడ కట్టగా వారు వచ్చి దానికి పైపూత పూయుచుండిరి. వాన వచ్చినప్పుడు ఆ గోడ పడిపోవునని దేవుడు వారితో చెప్పెను (యెహెజ్కేలు 13:10–14). ఆ మాట అబద్ధ ప్రవచనమును గూర్చినదే. అయినను ఉపమానము గోడనుండి వచ్చినది గనుక గోడకును చెల్లును.

దూరదేశమందు జరిగిన ఒక సంగతి చెప్పుదుము. ఇంగ్లండులోని రాచ్‌డేల్ అను పట్టణములో, బీదలకు అద్దెకిచ్చు ఒక సంస్థవారి ఇంటిలో ఆవాబ్ ఇషాక్ అను రెండేండ్ల బిడ్డ 2020 డిసెంబరులో చనిపోయెను. అతని తలిదండ్రులు సూడాను దేశమునుండి వచ్చినవారు. బిడ్డ పుట్టకమునుపే, 2017లో, తండ్రి బూజును గూర్చి ఫిర్యాదు చేసియుండెను. దానిమీద రంగు వేసికొనుమని అతనికి చెప్పిరి. చాలకాలము బూజుగాలి పీల్చుటవలన కలిగిన శ్వాసవ్యాధియే మరణకారణమని 2022లో న్యాయవిచారణ తేల్చెను. తరువాత 2023లో ఆ బిడ్డ పేరనే అక్కడ శాసనము వచ్చినది. బూజు, చెమ్మలవలన అపాయము కలదని తెలిపినప్పుడు ఇంటి యజమానులైన సంస్థలు ఇన్ని దినములలో వచ్చి చూచి బాగుచేయవలెనను గడువులు 2025 అక్టోబరు 27నుండి అమలులోనికి వచ్చినవి. ధనముగల దేశమందు సహితము ఒక బీదవాని మాట వినబడుటకు బిడ్డ ప్రాణము పోవలసివచ్చెను. మూడువేల సంవత్సరముల పూర్వపు విధిలో ఏడు దినముల గడువు ఉండెనని జ్ఞాపకము చేసికొనుడి.

ఇక మన రాష్ట్రమునకు వత్తము. 2019 నవంబరు 14న "మన బడి నాడు–నేడు" అను కార్యక్రమము ఆరంభమైనది. మొదటి విడతలో 15,715 బడులను తీసికొని, 3,600 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుచేసిరి. మరుగుదొడ్లు, త్రాగునీరు, విద్యుత్తు, బల్లలు, ప్రహరీగోడ మొదలగువాటితోపాటు ఆ పట్టికలో మరమ్మతులు ఒక పద్దు, రంగులు వేరొక పద్దు. పనిని తలిదండ్రుల కమిటీల ద్వారా జరిగించిరి. కనుక గ్రామములలో మనవారును ఆ లెక్కలలో చేయి పెట్టినవారే.

ఏ ప్రభుత్వమును పొగడుటకు గాని తెగడుటకు గాని మేము దీనిని వ్రాయుటలేదు. ఆ పట్టికలోని రెండు పద్దులను మాత్రము మీ ముందు పెట్టుచున్నాము. మరమ్మతు కంటికి కనబడదు. డాబామీద నెఱ్ఱెను పూడ్చినవాని పనిని క్రిందనుండి ఎవరును చూడరు. రంగు దూరమునుండియే కనబడును, ఫొటోలో బాగుండును. అందుచేత మనుష్యుని హృదయము రంగు వైపునకు ఒరుగును. మరమ్మతు తరువాత వేసిన రంగు ఆ గదికి అందము. మరమ్మతుకు బదులుగా వేసిన రంగు ఒక అబద్ధము. రెండవ వానకాలములో దాని క్రిందినుండి నల్లని మచ్చ పైకి వచ్చి సాక్ష్యమిచ్చును.

4. తల్లి రెండువేలు

ఇప్పుడు కష్టమైన ప్రశ్నకు వచ్చితిమి. అమ్మ ఒడి పథకములో తల్లికి 15,000 రూపాయలు ఇచ్చుట 2020లో ఆరంభమాయెను. 2021లో అందులో 1,000 రూపాయలు బడి మరుగుదొడ్ల నిర్వహణకు పట్టుకొనిరి. 2022లో బడి నిర్వహణకును కలిపి 2,000 పట్టుకొనిరి. ప్రభుత్వము మారిన తరువాత 2025లో వచ్చిన తల్లికి వందనము పథకములోను తల్లి చేతికి 13,000, బడి నిర్వహణకు 2,000 అను విభజనయే నిలిచినది.

కూలిచేసికొను తల్లికి రెండువేలు స్వల్పము కాదు. ఆ డబ్బు నా బిడ్డకు బియ్యమగును గదా, గోడకేల అని ఆమె అడిగినయెడల ఆమెను గద్దింపకూడదు. బేతనియలో అత్తరు పోయబడినప్పుడు దానిని మూడువందల దేనారములకు అమ్మి బీదలకు ఇయ్యవచ్చునని యూదా పలికెను. అతడు బీదలమీద శ్రద్ధగలిగి ఆలాగు పలుకలేదనియు, సంచి తనయొద్ద ఉంచుకొని దానిలోనిది తీసికొనుచుండెననియు యోహాను వ్రాసెను (యోహాను 12:4–6). కొందరు ఈ వాక్యమును త్రిప్పి, ఖర్చును ప్రశ్నించు ప్రతివారిని యూదాతో పోల్చుదురు. అది అన్యాయము. ఇక్కడ సంచి తల్లియొద్ద లేదు. ఆమె విధవరాలివలె తన కాసు వేసినది. సంచి పట్టుకొనినవారు ఎవరో వారినే వాక్యము పరీక్షించుచున్నది.

మా మనస్సుకు తోచినది చెప్పుదుము. ఆ రెండువేలవలన కప్పు కారుట మానెనా, గది ఆరెనా, నీళ్లు వచ్చెనా, అప్పుడు ఆ డబ్బు తల్లినుండి తీసికొనబడినది కాదు; బిడ్డకే మరియొక విధముగా చేరినది. బియ్యము ఆకలి తీర్చును, మంచిదే. అయితే ఏ తల్లియు రెండువేలతో తన బిడ్డ కూర్చుండు గదికప్పును ఒంటరిగా బాగుచేయలేదు. అందరి డబ్బు కూడినప్పుడే అది సాధ్యము. పన్నులయొక్క న్యాయము ఇదే. సబ్బు కొనిన కూలివాడును పన్ను కట్టుచున్నాడు గనుక ప్రభుత్వ ధనమనునది ఎవరో పరాయివారి ధనము కాదు. అయితే ఆ రెండువేలు మచ్చమీద పూతగాను, కాగితముమీద లెక్కగాను మారినయెడల, అది తల్లి చేతినుండియే కాదు, బిడ్డ ఊపిరినుండియు దొంగిలించిన డబ్బు. తల్లి "ఎందుకు తీసికొంటిరి" అని అడుగుటకంటె "ఏమి చేసితిరి, చూపుడి" అని అడుగుట మేలు. చూపుట కమిటీవారి ధర్మము.

5. యెహోయాదా పెట్టె

చూపుట ఎట్లో 2 రాజులు 12వ అధ్యాయము నేర్పుచున్నది. దేవుని మందిరము శిథిలమైయుండెను. బాగుచేయుటకు డబ్బు వచ్చుచునే యుండెను. అయినను యోవాషు ఏలుబడిలో ఇరువదిమూడవ సంవత్సరమువరకు యాజకులు దానిని బాగుచేయలేదు. వారు దుష్టులని అక్కడ చెప్పబడలేదు. అందరి పని ఎవరి పనియు కాకపోయెను.

అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రము చేసి, బలిపీఠము దగ్గర అందరికిని కనబడుచోట ఉంచెను. పెట్టె నిండినప్పుడు రాజుయొక్క లేఖకుడును ప్రధాన యాజకుడును, ఇద్దరును కలిసి లెక్కించిరి. డబ్బు పని చేయించువారి ద్వారా వడ్లవారికి, కాసెపనివారికి, రాళ్లు కొట్టువారికి పోయెను. ఆ ద్రవ్యముతో వెండి పాత్రలు, బాకాలు చేయింపలేదని గ్రంథకర్త ప్రత్యేకముగా వ్రాసెను (13). కప్పు కారుచుండగా వెండికి ముందుచేయి పెట్టలేదని భావము. పనివారు నమ్మకస్థులై యుండిరి గనుక వారిని లెక్క అడుగలేదు (15). ఆ నమ్మకము గ్రుడ్డిది కాదు. డబ్బు పెట్టెలో ఉన్నంతకాలము ఇద్దరి కన్నులు దానిమీద నుండెను.

6. మనము చేయవలసినది

ఈ పత్రిక చదువువారిలో తాపీ మేస్త్రీలు కలరు, ఉపాధ్యాయులు కలరు, బడి కమిటీ సభ్యులు, పంచాయతీ సభ్యులు కలరు. ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట.

మేస్త్రీగారూ, చెమ్మగోడమీద పూత పూయుమని మిమ్మును ఎవరైనను అడిగినయెడల, ముందు నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో చెప్పుడి. మీ కన్ను చూచినంత కాగితము చూడదు. క్రొత్త ఇంటి డాబాకు పిట్టగోడ కట్టవలెనని, లేనియెడల పడినవాని రక్తదోషము ఇంటిమీద ఉండునని ద్వితీయోపదేశకాండము 22:8 చెప్పుచున్నది. కట్టువాని చేతిలో పరులప్రాణము కలదు.

ఉపాధ్యాయులారా, మే నెలలో, వానలకు ముందే, డాబా ఎక్కి చూడుడి. గొట్టమునకు అడ్డుపడిన ఆకులు తీయుటకు అరపూట చాలును. అది చేయనియెడల రెండేండ్లకు శ్లాబు పని పడును. సోమరితనమువలన ఇంటికప్పు దిగబడుననియు, చేతులు ముడుచుకొనుటవలన ఇల్లు కారుననియు ప్రసంగి 10:18 తెలుపుచున్నది. చిన్న మచ్చయైనయెడల పిల్లలను బయటికి పంపి, ముక్కుకు నోటికి గుడ్డ కట్టుకొని, సబ్బునీటితో రుద్ది, పూర్తిగా ఆరబెట్టుడి. మచ్చ పెద్దదైనను, మరల మరల వచ్చుచున్నను, వ్రాతమూలముగా పైవారికి తెలుపుడి.

కమిటీ సభ్యులారా, బిల్లుమీద సంతకము చేయకముందు ఒక వాన కురియనియ్యుడి. వాన తరువాత వెళ్లి గోడమీద చేయి పెట్టి చూడుడి. యాజకుడు రెండవసారి వచ్చి చూచినది ఇందుకే.

సంఘమంతటికి ఒక మాట. తీర్పు దేవుని ఇంటియొద్ద ఆరంభమగునని పేతురు వ్రాసెను (1 పేతురు 4:17). క్రిస్మసుకు ఏటేట మన గుడికి సున్నము కొట్టింతుము. తోరణములు కట్టుదుము. కోతకాలపు కానుకనుండియు పిడికెడు బియ్యమునుండియు వచ్చిన డబ్బు దానికి పోవును. ఆ సున్నము క్రింద కప్పు పొడిగా ఉన్నదా? మన గుడిలో మనము చేయనిదానిని ప్రభుత్వమును అడుగుటకు మనకు నోరు రాదు. ముందు మన చూరు బాగుచేసికొని, తరువాత బడి గోడను గూర్చి ధైర్యముగా అడుగుదము.

గోడను చూచుటకు దేవుడు తన యాజకుని పంపెను. ఆయన దృష్టికి బీదవాని ఇంటి మూలలోని మచ్చ చిన్నదిగా తోచలేదు. మనకును అట్లు తోచకుండును గాక.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా ఊరి బడులలో చదువు బిడ్డలను, ఆసుపత్రులలో పండుకొనియున్న రోగులను నీ చేతికి అప్పగించుచున్నాము. వారు పీల్చు గాలిని గూర్చి మాకు శ్రద్ధ దయచేయుము. ప్రజల ధనము చేతబట్టిన వారికి నమ్మకమైన మనస్సును, నిజము చెప్పువారికి ధైర్యమును, పనిచేయువారికి నేర్పును అనుగ్రహింపుము. మా హృదయములలోను పూత క్రింద దాచిన దానిని నీవే చూపి తొలగింపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.